హార్మోన్లు వాడాలా? ముందు మీ నెలసరి ఎలా ఆగిందో చెప్పండి

ఫిల్మ్‌నగర్‌లో పెళ్లి సీను తీస్తున్నారంటే, తెర మీద అయిదు నిమిషాలు కనిపించేదానికి ఫ్లోర్ మీద రెండు మూడు రోజుల పని. పెళ్లికూతురి తల్లిగా, మేనత్తగా, పక్కింటి పిన్నిగా నిలబడ్డ ఆడవాళ్లందరూ తెల్లవారకముందే మేకప్‌కి కూర్చోవాలి. పట్టుచీర, సవరం, మెడనిండా నగలతో సాయంత్రం దాకా లైట్ల కింద ఉండాలి. ఆ వేషాలు వేసేవాళ్లలో చాలామందికి నలభై అయిదు దాటి ఉంటాయి. వాళ్లకి చీర సర్దే కాస్ట్యూమర్, జడ వేసే హెయిర్ డ్రెస్సర్ వయసు కూడా ఇంచుమించు అంతే. షాట్ మధ్యలో ఉన్నట్టుండి గుండెల్లోంచి మెడ మీదికి, మెడ మీంచి మొహంలోకి సెగ ఎగదన్నుతుంది. చెమట ధారకడుతుంది. కాసేపట్లో అది తగ్గి ఒళ్లు చల్లబడుతుంది, జాకెట్టు తడిసి వీపుకి అంటుకుపోతుంది. రాత్రి పడుకున్నాక ఇదే మళ్లీ మళ్లీ. మూడింటికి లేచి కూర్చున్న మనిషి అయిదింటికి షూటింగుకి బయల్దేరాలి.

ఆ మనిషి "హార్మోన్ మాత్రలు వాడమంటారా?" అని అడిగితే, జూబ్లీహిల్స్ చుట్టుపక్కలే ఒకదానికొకటి పొసగని రెండు జవాబులు దొరుకుతాయి. "అమ్మో, క్యాన్సర్ వస్తుంది" అంటారు కొందరు. "వాడితే పదేళ్లు చిన్నవాళ్లవుతారు" అంటారు ఇంకొందరు. రెండూ తప్పే. హార్మోన్ చికిత్స మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు లేదు. ఏ వయసులో, ఏ బాధకు, నెలసరి తనంతట తాను ఆగినవారికా, ఆపరేషన్ వల్ల ఆగినవారికా అని అడిగితే మాత్రం చాలావరకు స్పష్టమైన జవాబే ఉంది. మన తెలుగు రాష్ట్రాల్లో ఆ చివరి ప్రశ్న మరీ ముఖ్యం. ఎందుకో తర్వాత చెబుతాను.

మొదట ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. అండాశయాల్లో అండాల నిల్వ తరిగిపోతున్నకొద్దీ ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒకరోజు ఎక్కువగా, ఒకరోజు తక్కువగా ఊరుతూ చివరికి బాగా పడిపోతుంది. వరసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51వ ఏట వస్తే, మన దేశంలో 46, 47కే వచ్చేస్తుంది. ఒంటి వేడిని అదుపు చేసే కేంద్రం మెదడులో ఉంది. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి అది అతి సున్నితమై, చిన్న తేడాకే చర్మంలోని రక్తనాళాలను తెరిచి చెమట పట్టిస్తుంది. వేడి ఆవిర్లంటే ఇవే. వీటితోపాటు నిద్రలేమి, చిరాకు, కీళ్ల నొప్పులు, యోని పొడిబారి మంట, మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఆవిర్లు ఏ ఏడాదికో తగ్గిపోతాయని ఇంట్లో పెద్దవాళ్లు ధైర్యం చెబుతుంటారు. అమెరికాలో స్వాన్ అనే దీర్ఘకాల అధ్యయనం చూస్తే, తరచూ ఆవిర్లు వచ్చేవారిలో సగం మందికి అవి ఏడేళ్లకు పైగా కొనసాగాయి. ఓర్చుకోవాల్సిన కాలం అంత ఉంటుందని తెలిశాక, ఓర్చుకోవాలా వద్దా అనేది తేల్చుకోవలసింది ఆమె ఒక్కతే.

ఇక క్యాన్సర్ భయం. అది ఊరికే పుట్టింది కాదు. 2002 జులైలో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగాన్ని గడువుకు ముందే ఆపేశారు. గర్భసంచి ఉన్న 16,608 మంది స్త్రీలలో సగం మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ హార్మోన్ లాంటి మందు) కలిపిన మాత్ర, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి అయిదేళ్లకు పైగా గమనించారు. మందు వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని వార్త వచ్చింది. ప్రపంచమంతటా ఆడవాళ్లు మాత్రలు చెత్తబుట్టలో పడేశారు. మన డాక్టర్లు కూడా రాయడం తగ్గించేశారు.

ఆ 26 శాతం అంటే ఏమిటో నిదానంగా చూడాలి. మందు వాడనివారు పదివేల మంది ఉంటే ఏడాదిలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. వాడినవారిలో 38 మందికి. అంటే పదివేల మందికి ఏడాదికి ఎనిమిది మంది ఎక్కువ. ఇదే లెక్కలో గుండెజబ్బు ఏడుగురికి, పక్షవాతం ఎనిమిది మందికి, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ ఎనిమిది మందికి ఎక్కువ. తుంటి ఎముక విరగడం అయిదుగురికి తక్కువ, పెద్దపేగు క్యాన్సర్ ఆరుగురికి తక్కువ. ఎనిమిది మంది అంటే ఏమీ కాదని నేననను. ఆ ఎనిమిది మందిలో ఒకరు మన అక్కో చెల్లెలో కావచ్చు. కానీ 26 శాతం అన్నప్పుడు మనసులో మెదిలే బొమ్మ వేరు, పదివేలకు ఎనిమిది అన్నప్పుడు మెదిలే బొమ్మ వేరు. నిర్ణయం తీసుకునే మనిషికి రెండో లెక్క చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పడం అన్యాయం.

ఆ వార్తల్లో వెనక్కి పోయిన సంగతి ఇంకొకటుంది. ఆ స్త్రీల సగటు వయసు 63. ఎక్కువమందికి నెలసరి ఆగి పదేళ్లు దాటింది. ఆవిర్లతో అల్లాడుతూ డాక్టరు దగ్గరికి వచ్చే 48 ఏళ్ల మనిషి వేరు, వాళ్లు వేరు. రక్తనాళాలు అప్పటికే గట్టిపడిన వయసులో ఈస్ట్రోజెన్ మొదలుపెట్టడానికీ, నెలసరి ఆగిన కొత్తల్లో మొదలుపెట్టడానికీ చాలా తేడా ఉందని తర్వాతి విశ్లేషణలు చూపించాయి. అదే స్త్రీలను 18 ఏళ్లపాటు గమనించి 2017లో ప్రచురించిన ఫలితాల్లో, మందు వాడినవారిలో మొత్తం మరణాలు వాడనివారికంటే ఎక్కువగా లేవు. అందుకే ఇవాళ వైద్య సంఘాలు చెబుతున్న మాట ఇది: 60 ఏళ్లలోపు ఉండి, నెలసరి ఆగి పదేళ్లు దాటకుండా, ఆవిర్లతో నిజంగా ఇబ్బందిపడుతూ, వద్దనడానికి వేరే కారణం లేనివారికి మందు వల్ల నష్టంకంటే మేలే ఎక్కువ. ఆవిర్లకు దీన్ని మించిన మందు ఇప్పటికీ లేదు.

అలాగని రొమ్ము క్యాన్సర్ మాట కొట్టిపారేయకూడదు. 2019లో లాన్సెట్ పత్రిక ఎన్నో దేశాల సమాచారాన్ని కలిపి లెక్కగట్టింది. యాభయ్యో ఏట మొదలుపెట్టి అయిదేళ్లు రోజూ ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడితే, తర్వాతి ఏళ్లు కూడా కలుపుకుని, వాడిన ప్రతి 50 మందిలో ఒకరికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వస్తుందని తేలింది. ఈస్ట్రోజెన్ ఒక్కటే అయితే 200 మందిలో ఒకరికి. అది పాశ్చాత్య స్త్రీల లెక్క. అక్కడ ఆ జబ్బు మనకంటే సాధారణం. కానీ హైదరాబాద్‌కు పూర్తి మినహాయింపు లేదు. 2012–16 నాటి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కల్లో, దేశంలో రొమ్ము క్యాన్సర్ బాగా ఎక్కువగా నమోదైన చోట్లలో మన నగరం ఉంది. వయసు తేడాలు సరిచేశాక లక్ష మంది స్త్రీలకు ఏడాదికి 48. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ దీని తర్వాతే.

కాబట్టి కుటుంబ చరిత్ర అడగకుండా హార్మోన్ రాసే డాక్టరును నమ్మకండి. నటి హంసానందిని 2021 డిసెంబరులో తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, తల్లి కూడా అదే జబ్బుతో పోయిందనీ, పరీక్షలో బీఆర్‌సీఏ1 అనే జన్యులోపం బయటపడిందనీ తనే ప్రకటించింది. పరిశ్రమలో ఇలాంటివి దాచుకోవడమే అలవాటు. ఆమె బయటికి చెప్పడం వల్ల ఎంతోమంది తమ ఇంట్లో అమ్మకు, అమ్మమ్మకు, పిన్నికి ఏ జబ్బు వచ్చిందో ఆరా తీసి ఉంటారు. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవారికి మామూలుగా హార్మోన్ చికిత్స ఇవ్వరు. గుండెపోటు, పక్షవాతం వచ్చినవారికి, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారికి, కాలేయ జబ్బు ముదిరి ఉన్నవారికి కూడా ఇవ్వరు. కారణం తెలియని రక్తస్రావం ఉంటే ముందు అదేమిటో తేలాలి. తల్లికి రొమ్ము క్యాన్సర్ ఉన్నంతమాత్రాన కూతురికి పూర్తిగా నిషేధమేం కాదు. కానీ ఆ నిర్ణయం ఆ ఇంటి చరిత్ర తెలిసిన డాక్టరుతో కూర్చుని తీసుకోవలసింది.

ఇప్పుడు మన సొంత కథ. దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం అన్నిటికంటే ఎక్కువ మన రెండు రాష్ట్రాల్లోనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద సుమారు 3 శాతం మందికి ఈ ఆపరేషన్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8 శాతం. దేశమంతటా చూస్తే ఆ ఆపరేషన్లలో మూడింట రెండొంతులకు పైగా ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. చేయించుకున్నవారిలో సగం మందికి అప్పటికి 35 ఏళ్లు కూడా నిండలేదు. తెల్లబట్ట అవుతోందనో, నడుంనొప్పనో, "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టో చేసిన ఆపరేషన్లు వీటిలో ఎన్నో ఉన్నాయని హైదరాబాద్ డాక్టర్లు ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి మెదక్ పల్లెల్లో తిరిగి ఏళ్ల కిందటే చెప్పారు. అనవసరపు ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

కృష్ణానగర్, ఇందిరానగర్ గదుల్లో ఉంటూ జూనియర్ ఆర్టిస్టులుగా, కాస్ట్యూమ్ విభాగంలో, ప్రొడక్షన్ వంటల్లో పనిచేసే ఆడవాళ్లు రెండు రాష్ట్రాల జిల్లాల నుంచి వచ్చినవాళ్లే. మన రాష్ట్రాల లెక్కే ఇలా ఉన్నప్పుడు, వాళ్లలోనూ ఈ ఆపరేషన్ అయినవాళ్లు తప్పకుండా ఉంటారు. "పెద్దాపరేషన్ అయింది" అని చెబుతారు. అంతకుమించి వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. గర్భసంచి ఒక్కటే తీశారా, రెండు అండాశయాలూ తీసేశారా అన్నది వాళ్లకు తెలియదు. తేడా అంతా అక్కడే ఉంది.

అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ కొద్దికొద్దిగా తగ్గదు, ఒక్కరోజులో పడిపోతుంది. ఆవిర్లు తీవ్రంగా వస్తాయి. పదిహేనేళ్ల ముందే మెనోపాజ్ మొదలైతే ఎముకలు అన్నేళ్ల ముందు నుంచే గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పూ ముందుకు జరుగుతుంది. 45 ఏళ్లలోపు రెండు అండాశయాలూ తీయించుకుని ఈస్ట్రోజెన్ వాడనివారిలో మరణాలు ఎక్కువని అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు 2006లోనే చూపించారు. ఇలాంటివారికి హార్మోన్ చికిత్స ఆవిర్ల కోసం మాత్రమే కాదు. ప్రకృతి యాభై దాకా ఇవ్వవలసింది మధ్యలో ఆగిపోయింది కాబట్టి, సహజంగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా దాన్ని భర్తీ చేయడం. క్యాన్సర్ వల్ల తీసినవారి సంగతి వేరు. మిగతావారికి 2002 నాటి భయం వర్తించదు. ఆ పరిశోధనలో పాల్గొన్నవారు 50 దాటినవారు. పైగా గర్భసంచి లేని 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగంలో పక్షవాతం కొంత పెరిగింది గానీ రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఏళ్ల తరబడి గమనించాక వారిలో అది తక్కువగానే కనిపించింది.

అండాశయాలు ఉంచినా ఒక చిక్కుంది. గర్భసంచి తీశాక నెలసరి ఎలాగూ రాదు. మెనోపాజ్ ఎప్పుడు వచ్చిందో తెలిపే గుర్తు పోయింది. రక్తప్రసరణ దెబ్బతిని అండాశయాలు కొన్నేళ్లు ముందే పనిమానేయడమూ ఉంది. 38 ఏళ్ల మనిషికి నిద్ర పట్టకపోతే, ఒళ్లు మండిపోతుంటే, "టెన్షన్" అని నిద్రమాత్ర ఇచ్చి పంపిస్తారు. ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను కొలిచి అండాశయాల పనితీరు తెలిపే రక్తపరీక్ష నిజంగా పనికొచ్చేది ఇక్కడ. 45 దాటి ఆవిర్లు వస్తున్నవారికి ఆ పరీక్షతో పెద్దగా పనిలేదు, లక్షణాలే చాలు. థైరాయిడ్ మాత్రం చూసుకోవాలి. దాని లక్షణాలూ ఇలాగే ఉంటాయి.

మందు సంగతికి వస్తే, అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసిన నియమం ఒకటుంది. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు. గర్భసంచి లోపలి పొర పెరిగి క్యాన్సర్‌గా మారవచ్చని 1975లోనే బయటపడింది. తోడుగా ప్రొజెస్టిరాన్ ఉండాలి. గర్భసంచి లేనివారికి సాధారణంగా ఆ తోడు అక్కర్లేదు. ఎస్ట్రడయాల్ మాత్రగా, చేతికి రాసుకునే జెల్‌గా దొరుకుతుంది. జెల్ చర్మం ద్వారా నేరుగా రక్తంలోకి వెళ్తుంది, మాత్రలా ముందు కాలేయం గుండా పోదు. అందువల్ల రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువని ఫ్రాన్స్ పరిశోధనలు చెబుతున్నాయి. బరువు ఎక్కువున్నవారికి, బీపీ, మైగ్రేన్ ఉన్నవారికి జెల్ గురించి డాక్టరును అడగండి. బాధ అంతా యోని పొడిబారడం, మూత్రంలో మంట వరకే అయితే, లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము చాలు. అది ఒంట్లోకి చేరేది చాలా తక్కువ, అరవై దాటినవారూ వాడవచ్చు. మన ఆడవాళ్లు ఈ బాధను భర్తకు కూడా చెప్పుకోరు. చెప్పుకుంటే చిన్న ట్యూబుతో తగ్గేది.

ఇక కొండ మీది క్లినిక్‌ల సంగతి. జూబ్లీహిల్స్ రోడ్లలో చర్మానికి, జుట్టుకి, "యాంటీ ఏజింగ్"కి ఎన్నో ఉన్నాయి. యాభై దాటిన నటికి వేషాలు తగ్గిపోయే పరిశ్రమలో, హీరో తనకంటే పెద్దవాడైనా ఆయనకు తల్లిగా నటించమనే చోట, వయసు కనబడకూడదనే ఒత్తిడి ఎంతటిదో నాకు తెలుసు. ఆ ఒత్తిడి మీద వ్యాపారం చేయడం కొత్తకాదు. 1966లో అమెరికాలో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు ఈస్ట్రోజెన్ వాడితే ఆడది ఎప్పటికీ యవ్వనంగా ఉంటుందని పుస్తకం రాసి లక్షల ప్రతులు అమ్మాడు. ఆ ప్రచారానికి డబ్బు మందుల కంపెనీలు ఇచ్చాయని తర్వాత బయటపడింది. హార్మోన్ చికిత్స యవ్వనం కోసం కాదు, ముడతల కోసం కాదు, బరువు తగ్గడానికి కాదు. గుండెజబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా మొదలుపెట్టడానికీ కాదు. "బయో ఐడెంటికల్" అనే పేరుతో ప్రత్యేకంగా కలిపి ఇచ్చే మిశ్రమాలు, చర్మం కింద పెట్టే గుళికలు ఎవరైనా అమ్మజూపితే, మోతాదు ఎంతో, ఏ సంస్థ ఆమోదించిందో రాసిమ్మని అడగండి. మన శరీరంలోని హార్మోన్‌లాంటిదే కావాలంటే మామూలు మందుల షాపులో దొరికే ఎస్ట్రడయాల్, మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ అవే.

2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల ప్యాకెట్ల మీది కఠినమైన హెచ్చరికలను చాలావరకు తొలగించాలని నిర్ణయించింది. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడటం గురించిన హెచ్చరిక మాత్రం ఉంచింది. ఈ వార్త చూపించి "ఇక ఏ ముప్పూ లేదు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వయసునుబట్టి, మనిషినిబట్టి లెక్క మారుతుందన్న సంగతి అలాగే ఉంది.

హార్మోన్లు వద్దనుకున్నవారికి, వాడకూడనివారికి దారులు మూసుకుపోలేదు. వెన్లాఫ్యాక్సిన్, తక్కువ మోతాదు పారాక్సెటిన్ లాంటి మందులు ఆవిర్లను కొంతవరకు తగ్గిస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కు టమాక్సిఫెన్ వాడుతున్నవారు పారాక్సెటిన్ వాడకూడదు, దాని పనికి అడ్డొస్తుంది. రాత్రి ఆవిర్లకు గాబాపెంటిన్ ఇస్తారు. ఆలోచనా ధోరణిని మార్చే సీబీటీ అనే కౌన్సెలింగ్‌కు కూడా మంచి రుజువులున్నాయి. సోయా మాత్రలకు, బ్లాక్ కోహోష్ లాంటి మూలికలకు అలాంటి రుజువులు లేవు. నడక, యోగా ఎముకలకీ మనసుకీ మంచివే, చేయండి. వాటితోనే ఆవిర్లు పోతాయని మాత్రం ఎదురుచూడకండి.

మొదలుపెట్టే ముందు బీపీ, షుగరు, మామోగ్రామ్ చూసుకోవాలి. మూడు నెలలయ్యాక ఒకసారి డాక్టరును కలిసి మోతాదు సరిచూసుకుని, తర్వాత ఏడాదికొకసారి కొనసాగించాలా ఆపాలా అని మళ్లీ మాట్లాడుకోవాలి. ఫలానా వయసుకు ఆపి తీరాలనే గీత లేదు. ఇంకా అప్పుడప్పుడు నెలసరి వస్తున్నవారికి ఇది గర్భనిరోధకం కాదు. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇవన్నీ పెద్ద ఆసుపత్రులకు వెళ్లగలిగేవారికే అనుకోనక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, మంగళవారాల్లో స్త్రీలకోసం నడిపే క్లినిక్‌ల సేవల్లో మెనోపాజ్ పరీక్షలు, సలహా, అవసరమైతే హార్మోన్ చికిత్సను కూడా చేర్చింది. ఆ సేవను అడిగి తీసుకునేవాళ్లు కావాలి. సినీ కార్మికుల కోసం ఆరోగ్య శిబిరాలు పెట్టే సంఘాలకు, ట్రస్టులకు నాదొక మనవి: బీపీ, షుగరు చూసే బల్ల మీదే ఆడవాళ్లను ఇంకో రెండు ప్రశ్నలు అడిగించండి. నెలసరి ఏ వయసులో ఆగింది? ఆపరేషన్ అయితే అండాశయాలు ఉన్నాయా?

మీకు పెద్దాపరేషన్ అయి ఉంటే ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం ఇవాళే వెతకండి. దొరక్కపోతే ఆ ఆసుపత్రిని అడిగి నకలు తెప్పించుకోండి, అదీ దొరకని పక్షంలో అండాశయాలు ఉన్నదీ లేనిదీ స్కానింగ్‌లో చూడమనండి. రెండూ తీసేసి ఉండి, మీకు ఇంకా యాభై నిండకపోతే, ఆవిర్లు ఉన్నా లేకున్నా ఆ కాగితం పట్టుకుని గైనకాలజిస్టును కలవండి.